కోరంగి ఏటి లోతు, ఊరి లెక్క: ఎనిమిది నెలల పని డైరీ

తమ ఊరి ఏటి మీద ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే మా తప్పులు వాళ్ళు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాతో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు, ఒక పడవ, పడవ నడిపే బాబాయ్. ఆయన వయసు అరవై దాటింది. చదువు రాదుగానీ ఏటి గురించి ఆయనకి తెలిసినంత మాకెవరికీ తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

కోరంగి కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద, తాళ్ళరేవు మండలంలో ఉంటుంది. గౌతమి నుంచి విడిపడిన పాయ ఊరి పక్కగా పారి, మడ అడవిలోంచి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు ఈ తీరంలో పేరున్న ఓడరేవు ఇది. ఇప్పుడు పాటు వేళ (సముద్రం నీరు వెనక్కి తీసినప్పుడు) రేవుకెళ్తే పడవలు బురదలో కూర్చుని ఉంటాయి. "ఇక్కడికి ఓడలెలా వచ్చేవండీ?" అని ఓ పిల్ల అడిగింది. అప్పట్లో లోతుండేది అన్నాను. "ఎంతండీ? ఇప్పుడెంతండీ?" అంది. రెండోదానికైనా జవాబు చెప్పగలగాలని మొదలుపెట్టాం.

దశ 1: తాడు, రాయి, చొల్లంగి అమావాస్య (జనవరి)

మొదటి తప్పు రోజు ఎంచుకోవడంలోనే జరిగింది. పుష్య అమావాస్యకి చొల్లంగిలో సముద్ర స్నానాలు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానాలు చేసే సప్తసాగర యాత్ర అక్కడి నుంచే మొదలుపెడతారు. గోదావరి ఏడు పాయలకీ ఏడుగురు రుషుల పేర్లు చెప్పే లెక్కలో చొల్లంగి దగ్గరది తుల్యభాగ, మా కోరంగి పాయ ఆత్రేయ. మంచి రోజు, పిల్లలకి ఖాళీ, బాబాయ్‌కి వేట లేదు. ఇంకేం ఆలోచించలేదు.

చేసిన పని:

1. 40 మీటర్ల నైలాన్ తాడుకి అర మీటరుకో ముడి వేశాం.
2. చివర రెండున్నర కిలోల రాయిని గోనెగుడ్డలో కట్టాం.
3. రేవు నుంచి అవతలి ఒడ్డుకి ఇంకో తాడు లాగి కట్టి, దాని వెంట పడవని జరుపుతూ 4 మీటర్లకో చోట రాయి దింపాం.
4. ఉదయం 9 గంటలకి మొదలై 12 దాటాక ముగించాం. మొత్తం 17 కొలతలు.

సాయంత్రం గ్రాఫు కాగితం మీద గీస్తే ఏటి అడుగు మా ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి వాలుబల్లలా పైకి లేచింది. ఏటికి నడుమ లోతుండాలి కదా. మేం గీసిన ఏటికి మా ఒడ్డు పక్కనే లోతు. ఓ కుర్రాడు "వంకరగా గీశానేమోనండీ" అని మూడుసార్లు చెరిపి గీశాడు. గీత సరిగ్గానే ఉంది. మేం కొలుస్తున్న మూడు గంటలూ నీళ్ళు తీస్తూనే ఉన్నాయి.

అమావాస్య, పున్నమి రోజుల్లో ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా దాదాపు మీటరున్నర. పోటు నుంచి పాటుకి ఆరు గంటలు. నీరు ఆ ఆరు గంటలూ ఒకే వేగంతో దిగదు. మొదటి గంటలో మొత్తంలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆపైన రెండు, ఒకటి. మేం సరిగ్గా నడిమి గంటల్లో పడ్డాం. లెక్కేస్తే దాదాపు 93 సెం.మీ. నీరు మా కళ్ళముందే తగ్గిపోయింది, మాలో ఒక్కరం చూడలేదు. పడవలో ఉన్నవాడికి పడవా దిగుతుంది కాబట్టి తెలియదు.

"మాస్టారండీ, ఇయ్యాళ కొలవడమేంటండి, అష్టమికి కొలుచుకోవాలి గానీ. అష్టమికి నీరు పెద్దగా కదల్దు కదండి" అన్నాడు బాబాయ్. ముందే చెప్పచ్చు కదా అంటే "మీరు అడగలేదు కదండి" అన్నాడు.

తాడు కూడా మోసం చేసింది. తడిసి, బరువుకి వేలాడిన నైలాన్ సాగుతుంది. ఎండబెట్టకుండా టేపు పెట్టి చూస్తే 5 మీటర్ల ముడి 5 మీటర్ల 18 సెం.మీ. దగ్గర ఉంది.

*ఖర్చు: తాడు 320, తూకానికి కొన్న పాత ఇనుము (రాయి బదులు తర్వాత వాడటానికి) 150, సగం రోజు పడవ 800. మొత్తం ₹1,270. పనికొచ్చిన కొలతలు: సున్నా.*

దశ 2: కొలకర్ర (ఫిబ్రవరి, మార్చి)

నీటి మట్టం ఎప్పుడెంతుందో తెలియకుండా లోతు కొలిచి లాభం లేదు. రేవు దగ్గర కొలకర్ర పాతాలి. మూడుసార్లు పాతాం.

మొదటిది వెదురు. తెలుపు రంగు వేసి, 10 సెం.మీ.కి ఒక ఎర్ర గీత. మూడో వారానికి పాటు గీత దగ్గర్నుంచి రెండడుగుల మేర నత్తగుల్లలు పట్టి గీతలు మూసుకుపోయాయి. బ్లేడుతో గీకితే గుల్లతో పాటు రంగూ ఊడొచ్చింది. పైగా ఎవరో దానికి పడవ కట్టేశారు. కర్ర ఏటవాలుగా వంగింది. వంగిన కర్ర మీద నీటి మట్టం ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ వారం రాసుకున్న పేజీ కొట్టేశాం.

రెండోది రెండంగుళాల పీవీసీ గొట్టం. ఇంజను పడవ వెళ్ళినప్పుడల్లా అలకి మట్టం పైకీ కిందికీ ఊగుతోందని, గొట్టం కింద చిన్న బెజ్జాలు పెట్టి లోపల థర్మాకోల్ ముక్క తేలేలా చేశాం. అలలు లోపలికి రాకుండా నీరు మెల్లగా ఎక్కుతుందని ఉద్దేశం. నాలుగు రోజులు అద్భుతంగా పనిచేసింది. ఐదో రోజు బెజ్జాల్లో బురద పూడి, బయట పాటు అయినా లోపల పోటే. బెజ్జాలు పెద్దవి చేస్తే అల లోపలికొచ్చింది. వదిలేశాం.

మూడోది సరుగుడు కర్ర. ఇప్పటికీ సలహా ఇచ్చేది ఇదే:

1. సన్నవి మూడు కర్రలు తెచ్చి ఒకటి నిలువుగా, రెండు దానికి ఊతంగా పాతాలి. బురదలోకి కనీసం 1.2 మీటర్లు దిగాలి. పాటు వేళ ఇద్దరు ఊపుతూ దింపితే దిగుతుంది, సుత్తి అక్కర్లేదు.
2. రంగు వద్దు. అల్యూమినియం పట్టీ మీద మేకుతో గీతలు గీకి, తుప్పు పట్టని స్క్రూలతో బిగించాలి. గుల్లలు పట్టినా ప్లాస్టిక్ గరిటెతో తోస్తే రాలిపోతాయి, గీత పోదు.
3. పక్కనే ఇంకో గుంజ పాతి "పడవ ఇక్కడ కట్టండి" అని రాయాలి. కట్టొద్దని రాస్తే ఎవరూ వినరు. కట్టుకునే చోటు చూపిస్తే మన కర్ర జోలికి రారు.
4. అలలున్నప్పుడు పది క్షణాలు చూసి, అన్నిటికంటే పైది, అన్నిటికంటే కిందిది రాసుకుని సగటు తీసుకోవాలి.

పిల్లలు వంతులు వేసుకుని 15 రోజులు పగలంతా అరగంటకోసారి చదివారు. రేవు పట్టికలో కాకినాడకి ఇచ్చిన పోటు వేళ కంటే మా రేవుకి పోటు సుమారు 40 నిమిషాలు ఆలస్యం, పాటు గంటా పది నిమిషాలు ఆలస్యం. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఏటికి ఎక్కువ సమయం పడుతోంది. రోజురోజుకీ పోటు 50 నిమిషాలు వెనక్కి జరగడం పుస్తకంలో చదివినా, ఆదివారం పొద్దున ఆరుకి వచ్చిన పిల్లాడికి బుధవారం ఎనిమిదిన్నరకి రమ్మని చెప్పాల్సి వచ్చినప్పుడే అర్థమైంది.

*ఖర్చు: వెదురు 180, రంగు 210, పీవీసీ 340, సరుగుడు 420, పట్టీ 390, స్క్రూలు 120. ఈ దశకి 1,660. ఇప్పటిదాకా ₹2,930.*

దశ 3: సున్నాని మోసుకురావడం (మార్చి చివర)

కర్ర పోతే? మళ్ళీ పాతిన కర్ర మీద సున్నా పాత సున్నా దగ్గరే ఉంటుందని ఎలా చెప్పగలం? కదలని చోట ఒక గుర్తు ఉండాలి. రేవు మెట్లలో పైనుంచి రెండో రాయి మీద ఉలితో చిన్న గీత కొట్టించాం. మా సున్నా ఆ గీతకి సరిగ్గా 3.00 మీటర్లు కింద. అంత కింద పెట్టడానికి కారణం సులువు: ఎంత పాటు వచ్చినా కర్ర మీది అంకె మైనస్ కాకూడదు. మైనస్‌లు వస్తే పిల్లలు తప్పు చేస్తారు, నేనూ చేస్తాను.

గీత నుంచి కర్రకి 22 మీటర్లు. మట్టాన్ని అక్కడికి చేర్చడానికి తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు (నీళ్ళు నింపితే రెండు చివర్లా ఒకే ఎత్తులో నిలుస్తాయి), 30 మీటర్లు కొన్నాం. నీళ్ళు కనబడటానికి బట్టలకి పెట్టే నీలిమందు చిటికెడు.

మొదటిసారి వెళ్ళి, తిరిగొచ్చి చూసుకుంటే 6.2 సెం.మీ. తేడా. రెండోసారీ అంతే. పైపు మారుద్దామనుకున్నాం. అప్పుడు ఒక పిల్ల పైపుని ఎండకెదురుగా పట్టుకుని చివరి నుంచి చివరికి వేలితో తడుముతూ నడిచింది. పన్నెండో మీటరు దగ్గర, పైపు కాస్త మడతపడిన చోట, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్ద గాలి బుడగల వరస, వాటి మధ్య వేలెడు పొడుగున ఖాళీ. గోటితో కొడితే కదిలాయి, మళ్ళీ అక్కడికే వచ్చి నిలిచాయి. పైపు మొత్తం ఒలకబోసి, ఒక చివర బకెట్లో ముంచి, రెండో చివర నోటితో పీల్చి నింపితే (నీలిమందు వేయకముందే పీల్చండి, పీల్చినవాడి పళ్ళు రెండు రోజులు నీలంగా ఉన్నాయి) మూడోసారి తేడా 0.8, నాలుగోసారి 0.4 సెం.మీ. అక్కడ ఆగాం.

వెళ్ళి తిరిగి రాకపోతే ఈ తప్పు మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

*ఖర్చు: 370. ఇప్పటిదాకా ₹3,300.*

దశ 4: లోతులు, మళ్ళీ (ఏప్రిల్, మే)

ఈసారి బాబాయ్ మాట విని అష్టమి రోజులు. ఒకడు రేవులో కూర్చుని ఐదు నిమిషాలకోసారి కర్ర చదివి టైము రాస్తాడు, పడవలో మేం ప్రతి కొలతకీ టైము రాస్తాం. ఇంటికొచ్చాక రెండూ కలిపి అన్నిటినీ మా సున్నాకి మారుస్తాం. అందరికీ తేలుడు జాకెట్లు, ఈత వచ్చినా సరే.

తాడు బదులు ఫైబర్ టేపు. రాయి బదులు ఇనప గుండు. మొదటి రోజు గుండు దించితే ఒక అంకె, అక్కడే బాబాయ్ గెడ దించితే ఇంకో అంకె. ఒక్కోచోట ముప్పై నలభై సెం.మీ. తేడా. నేను గెడ తప్పు అన్నాను.

"ఆయ్, గెడ తప్పు కాదండి. మీ గుండు మెత్తటి బురద మీద కూకుంటంది. నా గెడ గట్టి నేల మీద ఆగుతాది. మీకు ఏ లోతు కావాలో మీరు చెప్పాలండి."

నిజానికి గుండూ బురదలో కొంత దిగుతోంది. వెల్డింగ్ షాపులో 15 సెం.మీ. వెడల్పు గుండ్రటి రేకు గుండు కింద అతికించాక అది బురద పైనే ఆగింది. అప్పటి నుంచి ప్రతి చోటా రెండు కొలతలు తీసుకున్నాం: రేకు గుండుతో నీటి లోతు, గెడతో గట్టి నేల. రెంటికీ తేడా మెత్తటి బురద మందం. ఈ పనిలో మాకు దొరికిన అసలు కొలత ఇదే, మేం వెతకడానికి వెళ్ళింది కాదు.

మూడు చోట్ల ఏటికి అడ్డంగా కొలిచాం. అన్నిటికంటే లోతైన చోటు, మా సున్నా నుంచి కిందికి:

రేవు దగ్గర: 2.1 మీటర్లు, బురద 35 సెం.మీ.
వంతెనకి ఎగువన: 1.6 మీటర్లు, బురద 60 సెం.మీ.
మడల మలుపు: 3.2 మీటర్లు, బురద 10 సెం.మీ. కూడా లేదు.

మలుపులో బయటి ఒడ్డు పక్కన నీరు ఒరుసుకుని పోతుంది కాబట్టి లోతు, లోపలి ఒడ్డున తిప్ప. వంతెన ఎగువన నీరు మందగించి బురద దింపుతోంది.

బాబాయ్ లోతు బారల్లో చెబుతాడు. ఆయన రెండు చేతులూ చాపితే 1.74 మీటర్లు. పాత ఇంగ్లీషు ఓడల పటాల్లో లోతు కొలత కూడా బారలాంటిదే, ఆరడుగులు, అంటే 1.83. వాళ్ళ నావికులకి చేతులు కాస్త పొడుగు.

హెచ్చరిక ఒకటి. మడల మలుపులో అడ్డం తాడు కట్టడానికి ఒకడు కొమ్మ విరిచాడు. అది తిల్ల. తెల్ల మడా నల్ల మడా పక్కపక్కనే ఉంటే గుర్తుపట్టలేకపోయినా ఫర్వాలేదు, తిల్లని గుర్తుపట్టాలి. విరిస్తే పాలు కారతాయి. కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. వాడి చేతికే అంటింది, తాగే నీళ్ళ క్యాన్ మొత్తం దానికే అయిపోయింది. ఇంకా దిగువకి 1978లో ప్రకటించిన అభయారణ్యం. అనుమతి లేకుండా పడవేసుకుని తిరిగే చోటు కాదు, మా కొలతలు దానికి ఇవతలే ఆపాం.

*ఖర్చు: టేపు 450, పడవ మూడు సగం రోజులు 2,400, వెల్డింగ్ 200. ఈ దశకి 3,050. ఇప్పటిదాకా ₹6,350. పనికొచ్చిన కొలతలు: 58.*

దశ 5: ఉప్పు (ఫిబ్రవరి నుంచి ఆగస్టు, మధ్య మధ్యలో)

నీటిలో ఉప్పు ఎంతుందో చూపే, చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు కొన్నాం. గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు చూడటమే. దాన్ని సున్నాకి సరిచేయడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి. మేం మొదట బోరు నీళ్ళు వాడాం. మా వైపు బోరు నీళ్ళకే ఉప్పు, అన్ని రీడింగులూ 2 తక్కువ వచ్చాయి.

సరిచేశాక, రేవు దగ్గర పోటు వేళ పైనీటిలో ఉప్పు: ఫిబ్రవరిలో వెయ్యికి 19, మేలో 27, ఆగస్టు వరదలో 1. సముద్రం వెయ్యికి 35 అని పిల్లల పుస్తకంలో ఉంటుంది.

అడుగు నీటి కోసం సీసాకి బిరడా పెట్టి, బిరడాకి దారం కట్టి, అడుక్కి దించాక లాగాలనుకున్నాం. సగం దారిలోనే బిరడా ఊడింది, రెండుసార్లు. బిరడాకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాక ఆగింది. ఫిబ్రవరిలో అడుగున 24. ఉప్పునీరు బరువు, కింద నుంచి వస్తుంది. బాబాయ్‌కి ఇది తెలిసిందే. ఏ చేప ఎక్కడ పడుతుందో దీన్నిబట్టే ఆయన లెక్క.

*ఖర్చు: 1,380. ఇప్పటిదాకా ₹7,730.*

దశ 6: ఊరి తేదీలు (జూన్)

ఇక్కడ తాడూ గుండూ పనికిరావు, కానీ చేసిన తప్పు మాత్రం అదే.

పిల్లలు ఫోనులో వెతికి చక్కగా రాసుకొచ్చారు: 1839 నవంబరు 25న తుఫాను, 40 అడుగుల అల, 20 వేల పడవలు, 3 లక్షల ప్రాణాలు. అంతకు ముందు 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు, 20 వేల మంది. ఊళ్ళో పెట్టబోయే బోర్డు మీద రాసేద్దామన్నారు. నేనూ సరేనన్నాను. ఇంతలో ఇంకొకడు 1911లో అచ్చయిన ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం పేజీ తెచ్చాడు. అందులో 1787, 1832. తుఫాను ఓడల్ని పొలాల్లోకి మోసుకొచ్చి వదిలిందని కూడా ఉంది. రెండు తుఫానులకి నాలుగు సంవత్సరాలు!

మేం చేసింది: ఎవరు రాశారు, జరిగిన ఎన్నాళ్ళకి రాశారు అని పక్కన ఇంకో గడి గీశాం. కలకత్తాలో ఉండి హిందూ మహాసముద్రపు తుఫానుల మీద పనిచేసిన హెన్రీ పిడ్డింగ్‌టన్ 1840ల్లోనే కోరంగి సంగతి రాశాడు. "సైక్లోన్" అనే మాట పుట్టించింది కూడా ఆయనే, చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి. 1839 నాటికి ఆయన పనిలో ఉన్నవాడు. కాబట్టి 1789, 1839 తీసుకున్నాం.

పిడ్డింగ్‌టన్ రాసినదాంట్లో ఒక ముక్క దగ్గర మేమందరం ఆగిపోయాం. 1789లో ఆ మూడు అలలూ వచ్చింది పోటు పూర్తిగా ఎక్కి ఉన్న వేళ. పదిహేను రోజులు కర్ర చదివిన పిల్లలకి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. "పాటు మీద వచ్చుంటే మీటరు పైన తగ్గేదండి" అన్నాడొకడు. చొల్లంగి అమావాస్య నాడు మా గ్రాఫుని వంకర చేసిన 93 సెంటీమీటర్లు ఊళ్ళో ఎన్ని గడపల ఎత్తో వాళ్ళు రేవు మెట్ల మీద నిలబడి చూసుకున్నారు. ఆ సాయంత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

అంకెల సంగతి. 40 అడుగుల అల, దేని మీద 40? మామూలు నీటి మీదా, నేల మీదా? 20 వేల పడవలు అన్నదానికి ఒక పిల్ల లెక్క వేసింది. ఎనిమిది మీటర్ల పడవలు వరసగా కడితే 160 కిలోమీటర్లు, పక్కపక్కన రెండేసి మీటర్లు అనుకున్నా 40 కిలోమీటర్లు. ఈ అంకెలు బోర్డు మీద పెట్టకూడదని ఓటేసుకున్నాం. 4-1. ఓడిన ఒక్కడూ నేనే, అంకె ఉంటే జనం ఆగి చదువుతారని నా ఆశ. వాళ్ళదే సరైన మాట.

పెద్దవాళ్ళని అడిగేటప్పుడు సంవత్సరం అడక్కండి. "ఏమో బాబూ, శానా ఏళ్ళయింది" అంటారు. దివిసీమ ఉప్పెనకి (1977) ముందా వెనకా, ఎనభై ఆరు వరదకి ముందా వెనకా, తొంభై ఆరు తుఫానుకి ముందా వెనకా అని అడిగితే ఠక్కున చెబుతారు. ఇలా పదకొండు మందిని అడిగాం.

ఒక ముసలామె అటక మీంచి ఎర్ర లక్క పూసిన గుండ్రటి ఆకు డబ్బా దింపించింది. మూత తీస్తే లోపల ఇంకో గిన్నె, దాని కింద ఇంకోటి. అడుగున సున్నం ఎండి పగుళ్ళిచ్చింది. వాళ్ళ మామగారు రంగూన్ నుంచి తెచ్చారట. బర్మాలో తెలుగు కూలీలందర్నీ, ఏ జిల్లావాళ్ళైనా సరే, కోరంగీలనే పిలిచేవారు. 1930 మేలో రంగూన్ రేవులో బర్మా కూలీలకీ కోరంగీలకీ మధ్య జరిగిన గొడవల్లో రక్తం పారింది. మారిషస్‌లో తెలుగువాళ్ళకీ ఇదే పేరు అంటింది. అక్కడికి మనవాళ్ళని తీసుకెళ్ళిన కోరంగా పాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియా దగ్గర పగడపు సముద్రంలో మునిగితే, అక్కడి దిబ్బలకి కూడా కోరంగా అనే పేరే పెట్టారు. ఊరు చిన్నదైపోయింది, పేరు మాత్రం ఎక్కడెక్కడో తిరిగింది.

దశ 7: పాత పటం మీద కొత్త పటం (జూలై)

పాత తీర పటం ఒకటి దించుకుని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచాం. మొదటిసారి కోరంగి ఊరు అఖాతంలోకి వెళ్ళింది. తప్పు ఎక్కడంటే, రెండు పటాల్నీ కలిపి కుట్టడానికి ఇసుక కొసని గుర్తుగా తీసుకున్నాం. ఆ ఇసుక కొస పెరుగుతూ పోయింది. ఇప్పుడు హోప్ ఐలండ్ అంటున్న దిబ్బ చాలావరకు గత రెండు వందల ఏళ్ళలో గోదావరి తెచ్చిన ఇసుకే. కదిలేదాన్ని మేకుగా కొడితే పటం మొత్తం దానితోపాటు కదులుతుంది.

కోరంగీశ్వరుడి గుడి, యానాం, ఇంజరం, నీలపల్లి, ఈ నాలుగూ పెట్టి మళ్ళీ చేస్తే ఊరు నేల మీదికొచ్చింది. ఏటి మొగ ఒకప్పుడు ఎంత తెరుచుకుని ఉండేదో, ఇప్పుడు అఖాతం ఎంత మూసుకుపోయిందో పిల్లలకి అప్పుడు కనబడింది. తుఫానులు ఒకవైపు, ఒండ్రు ఒకవైపు. రేవు వ్యాపారం కాకినాడకి తరలిపోయింది, తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే పని మాత్రం ఆ తర్వాత కూడా మిగిలింది.

1802లో రోబక్ అనే దొర ఇక్కడ ఓడలు మరమ్మతు చేయడానికి ఇటుకలతో డాక్ కట్టించాడు. అదెక్కడని ముగ్గురు పెద్దల్ని అడిగితే ముగ్గురూ మూడు చోట్లు చూపించారు. పటం మీద ఏ చోటూ గుర్తు పెట్టలేదు.

*ఖర్చు (దశ 6, 7): ప్రింట్లు 240, టీలు 310. ఇప్పటిదాకా ₹8,280.*

దశ 8: బోర్డు, వరద (జూలై చివర, ఆగస్టు)

తొందరపడి ఫ్లెక్సీ వేయించాం. పద్దెనిమిది రోజులకి ఎరుపు గులాబీ అయింది, గాలికి ఒక మూల చిరిగింది. తర్వాత ఇనప రేకు మీద పెయింటర్ చేత రాయించాం. ఉప్పు గాలికి రేకు అంచులే ముందు తుప్పు పడతాయి. కోసిన అంచులకి రెండు పూతలు ప్రైమర్ వేసి ఎండాకే ఎనామిల్ వేయాలి, వెనక వైపు కూడా. బోర్డు మీద మూడు చోట్ల లోతులు, 1789, 1839, బర్మా, ఇంకా మొదటి వరసలోనే మా సున్నా ఎక్కడుందో.

*ఖర్చు: ఫ్లెక్సీ 600, రేకు 1,100, ప్రైమర్, ఎనామిల్ 640, పెయింటర్ 1,800. మొత్తం ₹12,420.*

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 11.75 అడుగులు, పది లక్షల క్యూసెక్కులు. టీవీలో ఆ అంకె వినగానే మా పిల్ల "దేని మీద 11.75 అండీ?" అంది. బ్యారేజీ కొలబద్ద మీద అన్నాను. దానికీ వాళ్ళ సున్నా ఉంటుంది.

మూడో రోజు ఎర్ర నీటిలో కొట్టుకొచ్చిన దుంగ మా సరుగుడు కర్రని పట్టీతో సహా లాక్కుపోయింది. రాతి మీది గీత అలాగే ఉంది. వరద తీశాక వంతెన ఎగువన గెడా గుండూ దించి చూశాం. బురద 60 నుంచి 82 సెంటీమీటర్లయింది. బాబాయ్ గెడ చివర అంటిన బురద వేళ్ళ మధ్య నలిపి, "కొత్తదండి, ఇంకా ఇసక కలవలేదు" అన్నాడు.

కొత్త సరుగుడు కర్రలు కొన్నాం, 450. పట్టీ 390. మొత్తం ₹13,260. వచ్చే అష్టమికి లెవెల్ పైపు పట్టుకుని గీత నుంచి మళ్ళీ మొదలు.